తీసేసిన చలరాశి

"నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పది లోపు చెప్పండి."

బస్సు కింద కాలు నలిగిన దర్జీ తన కట్టు కేసి చూసుకున్నాడు.

"రెండు. మీ తృప్తి కోసం మూడు రాసుకోండి."

పక్క మంచం ఆయన నవ్వాడు. ఆయనదీ రెండే.

అడిగిన పరిశోధక విద్యార్థినికి మాత్రం నవ్వు రాలేదు. వార్డులో సగంమందికి కొత్త నొప్పి మందు, సగంమందికి ఉత్త పిండిబిళ్ల. ఎవరికి ఏది వెళ్తోందో ఆమె గైడ్‌కే తెలుసు.

"రెండు గుంపులకీ సమానంగా తగ్గింది," అన్నాడు గైడ్. "మందు స్వతంత్ర చలరాశి. నొప్పి దాన్నిబట్టి మారాల్సిన చలరాశి. మధ్యలో మూడోదేదో దూరింది. పట్టుకుని తీసెయ్. లేదంటే నీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే."

మర్నాడు ఆమె వార్డులోనే కాపు కాసింది.

మధ్యాహ్నం ఒక ముసలామె వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తూ ప్రతి మంచం దగ్గరా ఆగింది.

"ఏం తమ్ముడూ, నీ కాలు ఏమంటోంది?"

"అలిగిందక్కా," అన్నాడు దర్జీ.

"బతిమాలకు. ఆకలేస్తే అదే వస్తుంది."

వార్డంతా గొల్లుమంది.

విద్యార్థిని ఆమెను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, మీరు ఎవరి తాలూకు?"

"అందరూ మనవాళ్లేగా తల్లీ."

"అలా కుదరదు. మీ కబుర్ల వల్ల నా లెక్కలు పాడవుతున్నాయి. ఇక రాకండి."

ముసలామె ఆమె ముఖంలోకి చూసింది.

"సరేలే. నావల్ల నీ చదువు చెడడమెందుకు," అంది.

వారం తిరిగేసరికి దర్జీ ఏడన్నాడు. పక్క మంచం ఆయన ఎనిమిదన్నాడు. మందు తిన్నవాళ్లకీ, పిండి తిన్నవాళ్లకీ తేడా లేదు.

"అక్క రాలేదా?" అని దర్జీ రోజూ అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. తిండీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మందు పనిచేయదు," అని గైడ్ తేల్చేశాడు. "ఇంకో అంశం వెతుక్కో."

"మరి పనిచేసిందేదో తెలిసింది కదా సార్?"

"దాన్ని బిళ్లగా చుట్టి ఎవరికిస్తావమ్మా?"

ఆమె కాగితాలు మడిచేసింది. తిన్నగా వార్డు నర్సు దగ్గరికి వెళ్లింది.

"సిస్టర్, ఆ పెద్దమ్మ ఇల్లెక్కడ? నేనే వెళ్లి పిలుచుకొస్తాను."

నర్సు చేతిలోని ట్రే కింద పెట్టింది.

"ఇల్లేంటి, పై అంతస్తులోనే ఉండేది. నిన్న పోయింది."

విద్యార్థిని గోడకు ఆనుకుంది.

"పైన... ఎవరికి తోడుగా ఉండేది?"

"తోడేంటమ్మా, ఏ మందుకీ లొంగని జబ్బుతో పైన చేరిన మనిషి, ఇక్కడికొచ్చిన ఆ కాసేపే మూలగకుండా ఉండేది."