చొక్కా గుండీ

"మా ఆవిడకి ఎన్ని చెప్పినా దండగే సిస్టర్. సాయం చేయబోతే కసురుతుంది. ఒళ్లంతా పొగరు!" అన్నాడు భర్త.

చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బున్నవాళ్ల కోసం ఆసుపత్రిలో పెట్టిన క్లాసు అది. నర్సు అతని చేతులకి మందపాటి గ్లవ్స్ తొడిగి, చొక్కా గుండీ విప్పి మళ్లీ పెట్టుకోమంది.

విప్పడం ఎలాగో అయింది. పెట్టబోతే మాత్రం గుండీ జారిపోతూనే ఉంది.

"దీని దుంపతెగ!" అతనికి ముచ్చెమటలు పోశాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

పక్కనున్న భార్య తన వంకర వేళ్లతో ఆ గుండీ అందుకోబోయింది.

"ఉండవే! నేను పెట్టుకోలేనా?" అంటూ ఆమె చేయి తోసేశాడు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"పొద్దున మీరు నా చెప్పుల బకిల్ పెట్టబోతే నేనూ ఇదే మాటన్నాను. అది పొగరైతే, మరి ఇదేంటండీ?"