పిల్లి మావయ్య

"నా డబ్బాలో మళ్ళీ ఎవరో చెంచా పెట్టారు!"

భోజనాల గదిలో అకౌంటెంటు గోల పెట్టాడు.

"నాదీ అంతే," అంది టైపిస్టు. "దొంగ ఎవరో గాని మర్యాదస్తుడు. ఒక్క చెంచాతో సరిపెట్టుకున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. ఆ ఆఫీసులో డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకు తినడం అలవాటు. నెల రోజులుగా ఏ మూత తీసినా ఇదే వరస.

అది చాలదన్నట్టు, వారానికో డబ్బా నేలపాలు. పడేసేది కొత్తగా చేరిన అటెండరు.

"చెయ్యి జారిందండీ," అని తల వంచుకుని తుడిచేవాడు.

"జారడానికి ఎప్పుడూ నా డబ్బాయే దొరుకుతుందేమయ్యా నీకు?" అనేవాడు అకౌంటెంటు.

అతనికి 'పిల్లి మావయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరు వినబడితే రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి కూడా నవ్వేది. నవ్వి, మోగని ఫోను చెవిదగ్గర పెట్టుకునేది.

ఓ రోజు అకౌంటెంటు కూర నిండా కారం కలిపి, అందర్నీ బీరువా వెనక నక్కించాడు.

అటెండరు వచ్చాడు. ఒక్కో మూతా తీసి, చెంచాతో నాలిక్కి రాసుకుంటున్నాడు. అకౌంటెంటు డబ్బా దగ్గరికొచ్చేసరికి పొలమారి, దగ్గు ఆగక బల్ల పట్టుకు కూలబడ్డాడు.

"దొరికాడు పిల్లి!"

"ఇంట్లో తిండి పెట్టరా ఏం?" అన్నాడు మేనేజరు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

అతను కళ్ళనీళ్ళతోనే బల్ల తుడిచి వెళ్ళిపోయాడు. నవ్వుల్లో రిసెప్షన్ అమ్మాయి గొంతూ ఉంది.

మర్నాడు డబ్బాలు నిండుగా ఉన్నాయి.

"తినమ్మా, పిల్లి పీడ వదిలింది," అంటూ అకౌంటెంటు ఆ అమ్మాయి కంచంలో కూర వేశాడు. అందులో ఏముందో అడగడానికి ఆమెకు మొహమాటం అడ్డొచ్చింది.

రెండు ముద్దలకే పెదవులు ఉబ్బాయి. ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేదాకా ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"గండం గడిచింది," అన్నాడు డాక్టరు. "వేరుశెనగ ఈ అమ్మాయికి చిన్నప్పట్నుంచీ పడదట. చెబితే వేరే కూర్చోబెడతారని మీకు చెప్పలేదట."

అకౌంటెంటు మొహం పాలిపోయింది.

"నా డబ్బా నాలుగుసార్లు పడేశాడు," అన్నాడు మెల్లగా. "నాలుగుసార్లూ మా ఆవిడ వేరుశెనగ పొడి వేసిన రోజే."

"మనకే తెలీని సంగతి అతనికెలా తెలుసు?" అన్నాడు మేనేజరు.

మంచం మీద అమ్మాయి మొహం గోడవైపు తిప్పుకుంది.

"మా నాన్నండీ ఆయన... ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."