ఎవరు అరిస్తే వాళ్లది

"ఎవరూ మాది అనని అకౌంటు ఆపేయమ్మా. ఎవరు అరిస్తే అది వాళ్లది," అన్నాడు డైరెక్టర్.

ఇళ్లలో రోగులకు అమర్చే శ్వాసయంత్రాలు తయారుచేసే కంపెనీ అది. కంపెనీ ప్రోగ్రాములు నడిచే క్లౌడ్ అకౌంట్లన్నిటినీ ఏ విభాగానివి ఆ విభాగం కింద సర్దుతోంది అడ్మిన్. చివరికి ఒక్కటి మిగిలింది.

"అమ్మేశాక మాకేం సంబంధం?" అన్నాడు సేల్స్ హెడ్.

"ఫిర్యాదు వస్తేనే మా పని మొదలవుతుంది," అంది సర్వీస్ హెడ్.

అడ్మిన్ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "నేను ఆపను సార్."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" సేల్స్ హెడ్ నవ్వాడు.

"యంత్రం ఆగిపోతే ఇంట్లోవాళ్ల ఫోన్లకు అలారం పంపేది ఇదే. దీన్ని ఆపేస్తే అరవాల్సింది మంచంమీద ఉన్నవాళ్లు. ఊపిరాడనివాళ్లు ఎలా అరుస్తారు?"

ఆ నవ్వు ఆగిపోయింది.

"మరి ఓనర్ లేని అకౌంటు ఉండకూడదని రూలు పెట్టింది నువ్వేగా," అన్నాడు డైరెక్టర్.

"అందుకే ఓనర్‌గా మీ పేరు ఎక్కించాను. ఇష్టం లేకపోతే అరవండి."

డైరెక్టర్ నోరు తెరిచాడు. ఇందాకటి తన మాటే గుర్తొచ్చి మూసుకున్నాడు. తన ఫోన్ ఆమె ముందుకు తోశాడు.

"ఆ అలారం దీనికి కూడా వచ్చేట్టు పెట్టు."