రైలు గేటు దగ్గర నాలుగు నిమిషాలు

"ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోందండి. ఇంకో ఆర్నెల్లు ఎవరికీ వినిపించకండి."

ఫోనులో ఆ రెండు వాక్యాలు చదివి, జీవన్ క్లారినెట్టును పెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కిందికి తోసేశాడు.

అతని భార్య బ్లెస్సీకి ఒళ్లు మండిపోయింది.

పెళ్లయి నలభై మూడు రోజులు. కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే, చొక్కా అయినా మార్చుకోకుండా జీవన్ క్లారినెట్టు ఊదేవాడు. స్వరం తప్పినప్పుడల్లా ఎడమ కనుబొమ్మ ఎగరేసేవాడు. ఆ కనుబొమ్మ కోసమే ఆమె రోజూ టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చునేది.

"ఎవరండీ ఈయన?"

"తెలీదు. గ్రూపులో ఉన్నారు. ఫోటో లేదు, పేరూ లేదు."

'ఏలూరు జాజ్' అనే వాట్సాప్ గ్రూపులో పద్నాలుగు మంది; పెళ్లవగానే జీవన్ బ్లెస్సీని కూడా అందులో చేర్పించాడు. ప్రతి ఆదివారం "ఇప్పుడేం వింటున్నారు?" అని అడ్మిన్ ప్రసాదరావు అడుగుతారు. తలొకరు తాము వింటున్న రికార్డు పంపుతారు. మిగతావాళ్లు ఆహా అంటారు. ఈసారి జీవన్ రికార్డుకు బదులు తన వాయింపే పంపాడు.

ఆ పేరు లేని మనిషి మాత్రం ఎప్పుడూ ఆహా అనడు. తప్పు ఎక్కడుందో చెప్పి ఊరుకుంటాడు.

బ్లెస్సీ ఆ నంబరును 'తప్పుల మాస్టారు' అని సేవ్ చేసుకుంది. పగ పట్టాలంటే పగవాడికి ఒక పేరుండాలి కదా.

"వదిలెయ్ బ్లెస్సీ. ఆయన చెప్పింది నిజమేనేమో."

"అయితే పెట్టె బయటికి తియ్యండి."

జీవన్ తియ్యలేదు. పది రోజులైనా తియ్యలేదు.

పదకొండో రోజు రొయ్యలు ఒలుస్తుంటే బ్లెస్సీకి దారి దొరికింది.

పెళ్లినాడు చర్చి నుంచి హాలుకు వెళ్తుంటే రైలు గేటు పడింది. కారు ఆగింది. ముందు నడుస్తున్న కైకలూరు బ్యాండూ ఆగింది. అందరూ మంచినీళ్లు తాగుతుంటే, ఎర్రకోటు వేసుకున్న ఓ పెద్దాయన గేటు వైపు తిరిగి, తన కోసం తాను క్లారినెట్టు ఊదుకున్నాడు. అది సినిమా పాటా కాదు, కీర్తనా కాదు. గూడ్సు బండి వచ్చినా ఆపలేదు. బ్లెస్సీ మేలిముసుగు పక్కకి తోసి, కారు కిటికీలోంచి నాలుగు నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుంది.

ఆదివారం అది గ్రూపులో పెట్టింది. కింద రాసింది: 'న్యూ ఆర్లీన్స్, 1958. చాలా అరుదైనది.'

"ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు జీవన్.

"వల వేస్తున్నానండి."

జాజ్ పుట్టిన ఊరి పేరు చూడగానే ఆహాలు వరసగా వచ్చాయి.

ప్రసాదరావు పెద్ద సందేశమే పెట్టారు: "వెనక ఆ రైలు చప్పుడు గమనించారా అండీ? ఆ రోజుల్లో అక్కడ స్టూడియోలు పట్టాల పక్కనే ఉండేవి."

బ్లెస్సీ దిండులో మొహం పెట్టుకుని నవ్వింది.

గంట తర్వాత తప్పుల మాస్టారు వచ్చాడు. "రెండోసారి పైకి వెళ్లినప్పుడు ఊపిరి చాల్లేదండి. రైలు చప్పుడు చాటున దాటేశాడు. అంత మెచ్చుకోవాల్సింది కాదు."

బ్లెస్సీ వేళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

"ఇది న్యూ ఆర్లీన్స్ కాదండి, ఏలూరు రైలు గేటు. వాయించింది మా పెళ్లి బ్యాండులో పెద్దాయన. పేరు తెలియకపోయినా అందరికీ ఆయన గొప్పతనం వినపడింది. మీకొక్కరికే తప్పు వినపడింది. మావారి చేత క్లారినెట్టు మాన్పించారు. ఆ పెద్దాయన కాలిగోటికి సరిపోతారా మీరు?"

తప్పుల మాస్టారు టైపు చేస్తున్నట్టు తెర మీద కనిపించింది.

"తప్పు నాదేనండి," అని వచ్చింది జవాబు. "అబ్బాయిగారిని వాయించడం మానొద్దని చెప్పండి."

తన స్టూడియో మాట ఎవరైనా ఎత్తేలోపే, ప్రసాదరావు ఆ నంబరును గ్రూపులోంచి తీసేశారు.

బ్లెస్సీ జీడిపప్పు పకోడీ చేసి, సగం తనే తినేసింది. పగ తీరితే ఇంత ఆకలేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఇక మీకు గురువు ఆ ఎర్రకోటు పెద్దాయనే. ఆయన్ని వెతుకుదాం, పెట్టె తియ్యండి."

జీవన్ ఈసారి తీశాడు.

మరుసటి ఆదివారం ఇద్దరూ కైకలూరు బస్సెక్కారు. ఒకే ఇయర్‌ఫోను, చెరో చెవికి. దారి పొడవునా అదే నాలుగు నిమిషాలు. చెరువుల మీంచి చేపల వాసనతో వచ్చిన గాలి కూడా ఆమెకు బాగుంది.

బ్యాండు షాపులో యజమాని బుచ్చయ్య డ్రమ్ము తుడుస్తున్నాడు.

"రత్నం గారాండీ? చిన్నప్పుడు మిషను బంగళాలో గ్రామఫోను విని నేర్చుకున్నాడండి ఆ వాయింపు. పెళ్లిళ్లలో అది ఎవరికి కావాలి? అందుకే గేట్ల దగ్గర ఊదుకునేవాడు."

"ఒకసారి పిలుస్తారా బాబాయిగారూ?"

"ఎక్కడ అమ్మా, పోయిన సోమవారమే కోటు ఇచ్చేశాడు. రొయ్యల చెరువు కాపలాకి వెళ్లిపోయాడు."

"మరి క్లారినెట్టు?" అన్నాడు జీవన్.

"ఎవరికైనా నేర్పి వాళ్ల చేతికే ఇవ్వాలని ఎన్నాళ్లో చూశాడండి. ఇక కుదిరేలా లేదని భీమవరం బ్యాండువాళ్లకి ఇచ్చేశాడు."

జీవన్ తన పెట్టెను ఒళ్లోకి తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"నంబరు చెప్పండి. నేను అడిగితే ఆయన కాదనరు," అంది బ్లెస్సీ.

బుచ్చయ్య గోడ మీద సుద్దతో రాసుకున్న నంబరు చదువుతుంటే, ఆమె ఒక్కో అంకే నొక్కింది.

పదో అంకె దగ్గరికి వచ్చేసరికి, తెర మీద పేరు దానంతట అదే వచ్చింది: తప్పుల మాస్టారు.