ముట్టుకోకూడని పదహారు మెగాబైట్లు

“బాబాయ్, ఈ పదహారు మెగాబైట్లలో ఏముంది?”

ఆ సాయంత్రమే రిటైరవుతున్న బాబాయ్ సొరుగు ఖాళీ చేస్తూ తలెత్తాడు. ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. కొత్త ఇంజనీరమ్మాయి స్క్రీన్ ఆయన వైపు తిప్పింది.

మెషీన్ ఆన్ కాగానే దాన్ని నడిపే మూల ప్రోగ్రామ్, కెర్నెల్, మెమరీ ఎక్కడెక్కడుందో లెక్క చూసుకుని, అడిగిన ప్రోగ్రాములకు పంచుతుంది. మధ్యలో ఒక్క చోటు మాత్రం వదిలేస్తోంది. అలా వదలమని చెప్పే కోడ్ లైను పక్కన ‘ముట్టుకోవద్దు’ అని, కింద బాబాయ్ పేరు, పద్దెనిమిదేళ్ల నాటి తేదీ ఉన్నాయి.

“లక్షల మెషీన్లు దీన్ని తప్పుకుని పోతున్నాయి. అంత రహస్యమేంటి?”

“రహస్యమా, పాడా. అప్పట్లో నా మెషీన్‌లో మెమరీ సరిగ్గా అక్కడ పాడైంది. కొత్తది వచ్చేదాకా అని రాశాను. కొత్తది వచ్చింది, నేను మర్చిపోయాను.”

“తీసేయనా?”

“నేను గేటు దాటేలోపే తీసెయ్ తల్లీ. పరువు దక్కుతుంది.”

తీసేసింది. టెస్ట్ మెషీన్ రెండు నిమిషాలు నడిచి కుప్పకూలింది. పక్క గదిలోంచి నెట్‌వర్క్ టీమ్ ఆవిడ విసురుగా వచ్చింది.

“ఆ చోటు ఎవరు కదిపారు? మా డేటా అంతా అక్కడే పెట్టుకుంటాం.”

“ఎవర్నడిగి పెట్టారమ్మా?” అన్నాడు బాబాయ్.

“అడగడమెందుకు? అక్కడికి ఎవరూ రారని మీరే రాశారుగా.”

ఆవిడ వెళ్లిపోయింది. అమ్మాయి ఆ లైను మళ్లీ పెట్టి, కింద బాబాయ్ పేరు చెరిపి తన పేరు రాసింది.

“కారణం ఏమని రాయను బాబాయ్?”

“రాయకు. తెలిస్తే ఎవరూ భయపడరు.”