తుర్రు ముగించిన గూడు

చెరువుగట్టున పక్షులకు గూళ్లు అల్లే తుర్రు అనే గిజిగాడు నాలుగు గూళ్లు మొదలుపెట్టి ఒక్కటీ ముగించలేదు. "వానలోగా ఒక్కటైనా పూర్తిచెయ్యి, లేకపోతే పనిలోంచి పో!" అంది మేస్త్రి కొంగ.

తుర్రు వడ్రంగిపిట్ట దగ్గర ఏడ్చాడు. "బద్ధకం కాదక్కా, కొత్త గడ్డిపోచ కనబడితే మనసు అటే ఎగిరిపోతుంది."

"తిట్టను తమ్ముడూ. పక్కనే కూర్చుని నా పని చేసుకుంటా. ఒక్క వరస అల్లి నన్ను పిలువు. తర్వాత ఓ చుట్టు ఎగిరిరా."

తుర్రు అల్లాడు, పిలిచాడు, ఎగిరొచ్చాడు, మళ్లీ అల్లాడు.

"ఏడో వరసక్కా!"

"భలే! ఇంకోటి!"

"పన్నెండు! గూడు పూర్తయిందక్కా!"

ఉరిమింది. వాన దంచికొట్టింది. కొంగ గూట్లోకి ముక్కు పెట్టి చూసింది. లోపలంతా పొడిగా ఉంది.

"ఎవరల్లారు దీన్ని?"

"నేనే! మొదటినుంచి చివరిదాకా నేనే!" అంటూ తుర్రు వానలోకి ఎగిరి గిరగిరా తిరిగాడు.