ఎవరూ నొక్కని బటన్

రిమోటు ప్రణాలి ఒళ్లో బోర్లా పడి ఉంది. దాని మీద ఆమె వేలు కూడా లేదు. అయినా కంప్యూటర్ నల్లటి తెర మీద తెల్లటి అంకెల వరుస ఒకటి టక్కున వచ్చి కూర్చుంది.

"ఒత్తినవా అక్కా?" ఫోన్‌లో వీడియో కాల్ మీదున్న తమ్ముడు నిలేష్ అడిగాడు.

"లే. ముట్టనే లేదు."

"మరి నంబర్ ఎట్లొచ్చింది?"

"నన్నడుగుతవేందిరా? దీన్ని నా నెత్తికి తగిలిచ్చినోనివి నువ్వు."

ఆ మాట నిజమే. హోట్గి రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే నిలేష్, ఎవరో వదిలేసిన పాత కంప్యూటర్ డబ్బాలో లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించి, టీవీ బదులు వాడుకోమని అక్కకు ఇచ్చాడు. బీడీలు చుట్టే చేతులతో కీబోర్డు ముట్టుకుంటే తంబాకు పొడి రాలి అది నాలుగు రోజులు కూడా బతకదు. అందుకే పాత టీవీ రిమోటుతోనే నడిచేలా వేలెడంత రిసీవర్ ఒకటి పంపాడు. ఏ బటన్ నొక్కితే ఏ అంకె పడుతుందో చూసి, అది దేనికో కంప్యూటర్‌కు నేర్పాలి. ఎండ పడితే రిసీవర్ తికమక పడుతుందని వాడన్నాడని ప్రణాలి మిట్టమధ్యాహ్నం కిటికీ మూసి, తలుపుకు గడియ పెట్టి మరీ కూర్చుంది.

తెర మీద మరో వరుస పడింది.

"తమ్మీ, మళ్లొచ్చిందిరా!"

"ఘాబరూ నకో అక్కా, బుగులు పడకు. రిమోట్‌ల సెల్లులు తియ్యి."

తీసింది. రెండింటినీ బీడీల చాటలో పడేసింది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. వీధిలో మగ్గాల మోత తప్ప మరేమీ లేదు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో వరుస వచ్చింది.

ప్రణాలికి ఒళ్లు జలదరించింది. ముందు దయ్యమనుకుంది. దయ్యానికి లినక్స్ ఎలా వస్తుందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"ఆ నంబర్ చదువు," అన్నాడు నిలేష్.

చదివింది.

"ఇది నీ చేతిల రిమోట్‌ది కాదు. డిష్ రిమోట్‌ది. డిష్ తీసేసినంక అది యాడవెట్టినవ్?"

"అటక మీద పారేసిన, సెల్లులతోనే."

నిలేష్ తెరకు దగ్గరగా వంగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫోన్ మొఖం అటక దిక్కు తిప్పు," అన్నాడు. "రిమోట్ ఎలుతురు మన కంటికి కనవడదు. ఫోన్ ముందలి కెమెరాకు కనవడ్తది."

తిప్పింది. ఇప్పుడామెకు ఫోన్ వీపు, దాని అవతల చీకటి తప్ప ఏమీ కనిపించడం లేదు. చూసేవాడు తమ్ముడొక్కడే.

"ఏమన్న కనవడ్తాందా?"

ఫోన్‌ను ఇంకాస్త పైకెత్తింది.

"నిలేష్! సచ్చినవారా? చెప్పు!"

"ఊదారంగు సుక్క మెరిసింది అక్కా. గోనె బస్తా పక్కన... బస్తా కదిలింది."

"ఎలుకనేమో తొక్కుతాంది రిమోట్‌ను."

"ఎలుకకు షర్ట్ చెయ్యి ఉంటదా?"

ప్రణాలి గుండె గుభేలుమంది. ఆ అటక కిందే చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. తలుపు కూడా అటే ఉంది. వాళ్లుండే చాల్‌లో వరుస ఇళ్లన్నిటికీ ఒకటే రేకుల కప్పు, నడిమి గోడలేమో అటక దాకానే. పక్కిల్లు ఖాళీ. పొద్దున తను పాపను చంకనేసుకుని బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయిన సమయంలో ఎవడో అటు నుంచి పాకి వచ్చి ఉంటాడు. అంటే పొద్దుట్నుంచీ వాడు పైనే ఉన్నాడు. తను అన్నం తిన్నది, పాపకు పాలిచ్చింది, అన్నీ చూస్తూనే ఉన్నాడు. 

"బావ యాడున్నడు?" నిలేష్ గుసగుసలాడాడు.

"డ్యూటీల."

"ఫోన్ చేస్త, ఆగు."

"ఎత్తడు. మగ్గాల మోతల వినవడదంట. ఈ నడుమ పగటిపూట ఎత్తుతనే లేడు."

"అయితె పాపను ఎత్తుకుని బయటికి నడువు. సప్పుడు చెయ్యకు. నేను ఎల్లుతున్న ఈడికెల్లి."

ప్రణాలి ఆకు కత్తిరించే కత్తెర పిడికిట్లో పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ ఉయ్యాల దగ్గరికి చేరింది. కాలి కింద ఎండు బీడీ ఆకు పటపటమంది. ఆమె కొయ్యబారిపోయింది. పైన కూడా ఏదో కదలబోయి ఆగింది. వంగి పాపను గుండెకు అదుముకుంది. తలుపు గడియ లాగింది. అది ఎప్పటిలాగే మొరాయించింది. మళ్లీ లాగింది. అటక మీది నుంచి దుమ్ము రాలి పాప మొహం మీద పడింది.

అంతే, భయమంతా ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చింది. కత్తెర పైకెత్తింది.

"ఎవడ్రా నువ్వు? దిగినవంటె కడుపుల పొడుస్త! మా ఆయన అశోక్ చౌక్ కార్ఖానల్నే మగ్గం మీదున్నడు. ఒక్క కబురు చేస్తె ఉరికొస్తడు, నీ బొక్కలు ఇరగదన్నుతడు!"

గోనె బస్తా పక్కకు జరిగింది. చీకట్లోంచి సన్నటి గొంతు కిందికి దిగింది.

"ఒర్లకు ప్రణాలీ, నేనే... మా కార్ఖాన బందయ్యి నెల దాటింది, నీకు చెప్పనీకి భయమై రోజు ఈడ్నే దాక్కుంటున్న."